ఉంచుకున్నవి, వదిలేసినవి

అక్క: చేతిలోకి తీసుకున్న ప్రాణాన్ని మళ్ళీ గల్లీలో వదిలేసి రావడాన్ని నేను సేవ అనలేను తమ్ముడూ. బోను పెట్టి పిల్లిని పట్టావు, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించావు, చెవి కొస కత్తిరించి గుర్తు పెట్టావు, నాలుగైదు రోజులు తిండి పెట్టావు. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత తీసుకెళ్ళి బేగం బజార్‌లో వదిలితే దాని ఎదుట ఏముంటుంది? ఆటో ట్రాలీలు, తోపుడు బళ్ళు, బస్తాలు మోసే హమాలీల కాళ్ళు, గోదాం మూలల్లో ఎలుకల మందు. శనివారం రాత్రి దించిన షట్టర్ వెనక ఇరుక్కుంటే సోమవారం దాకా దాని అరుపు వినే మనిషుండడు.

తమ్ముడు: అది పుట్టి పెరిగిన చోటక్కా అది. హైదరాబాద్‌ను ఏలిన నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన నేల మీద ఈ బజారు లేచిందని చెబుతారు. అప్పటి నుంచీ ఇక్కడ పప్పులు, మిరపకాయలు, ధనియాలు బస్తాల్లో నిలవుంటున్నాయి. గింజ ఉన్న చోటికి ఎలుక వస్తుంది, ఎలుక వెంట పిల్లి వస్తుంది. మనిషికీ పిల్లికీ పొత్తు కుదిరిందే ధాన్యం కొట్ల దగ్గర. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు బయటపడ్డాయి. గోదాం పిల్లికి ఏ షట్టర్ కింద సందుందో, ఏ కొట్టు మెట్ల మీద ఎండ పడుతుందో, ఏ సేఠ్ కసురుతాడో, ఎవరు చేప ముక్క వేస్తారో అన్నీ తెలుసు. పెద్దయ్యేదాకా మనిషి చెయ్యి తగలని పిల్లిని తెచ్చి మీ రెండు గదుల్లో మిగతావాటి మధ్య పెడితే, అది మంచం కిందే బతుకుతుంది. ఆ బతుకును క్షేమం అని మనం అంటాం. దాన్ని అడిగితే ఏమంటుందో!

అక్క: తెలిసిన చోటైతే క్షేమమైన చోటైపోతుందా? మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికి గల్లీ అంతా తెలిసి ఏం లాభం? నువ్వు వదిలిన పిల్లి కొన్నాళ్ళకు కనపడకపోతే ‘ఎటో వెళ్ళుంటుంది’ అంటావు. ఎటు వెళ్ళిందో వెతకవు. మా ఇంట్లో పిల్లి చస్తే నా ఒళ్ళో చస్తుంది, దానికి నేను జవాబు చెప్పాలి. గల్లీలో చచ్చినదానికి జవాబు చెప్పేవాళ్ళే లేరు. మీ పద్ధతి మంచి ఫలితాలిస్తోందని చెప్పుకోవడానికి అది కూడా ఒక కారణమేమో ఆలోచించు.

తమ్ముడు: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఇంకో లెక్క చూడండి. ఆడ పిల్లి నాలుగైదు నెలలకే ఈడుకొస్తుంది. తొమ్మిది వారాల్లో కంటుంది. తిండి దొరికితే ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లల్ని పెడుతుంది. మీరు ఒకదాన్ని ఇంటికి తీసుకెళ్ళి సాకే డబ్బుతో, శ్రమతో, నేను ఎన్నో పిల్లులకు ఆపరేషన్లు చేయించగలను. ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ ప్రాంగణంలో 1991 నుంచి 2002 దాకా ఇదే చేశారు. పట్టడం, ఆపరేషన్, మళ్ళీ అక్కడే వదలడం. 1995 తర్వాత అక్కడ కొత్తగా పుట్టిన పిల్ల కనపడలేదు. 1996లో 68 ఉన్న పిల్లులు 2002కి 23 అయ్యాయి. పుట్టుకలు ఆగాయి. ఇక్కడ జీహెచ్‌ఎంసీ బండి కుక్కల కోసం వస్తుంది. పిల్లుల దగ్గరికొచ్చేసరికి మన జేబులే దిక్కు. అందుకే ప్రతి రూపాయీ పుట్టుక ఆపడానికే ముందు పోవాలంటాను.

అక్క: ఆ ఫ్లోరిడా సంగతి పూర్తిగా చెప్పు. వాళ్ళు లెక్కకు తెచ్చిన 155 పిల్లుల్లో 47 శాతం ఇళ్ళకు వెళ్ళాయి. అంటే దాదాపు సగం పెంపకానికి పోయాయి. వాటిని ఎవరో చేరదీసి, మచ్చిక చేసి, మనుషులకు అలవాటు చేసి ఉంటారు. ఆ పని చేసేది నాలాంటి వాళ్ళే. మీ ఆపరేషన్ల విజయంలో మా ఇళ్ళ వాటా ఉంది. దాన్ని చెప్పకుండా దాటేస్తారు.

తమ్ముడు: ఉంది. ఒప్పుకుంటాను, ఇకమీద చెప్పేటప్పుడు అది కూడా చెబుతాను. కానీ అక్కడ పిల్లి ఒక ఇంటికి వచ్చి ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది. ఇక్కడ మీ ఇల్లే చివరి ఇల్లవుతోంది. వచ్చేవి ఎక్కువ, దత్తతకు వెళ్ళేవి తక్కువ. ఇరుకులో మొదట దూరేది రోగం. పాన్‌ల్యూకోపీనియా, మనవాళ్ళు పిల్లుల పార్వో అనేది, ఒక పిల్ల తెస్తే చాలు. ఆ క్రిమి గదిలో ఏడాది దాకా బతికుంటుంది. ఫినాయిల్‌తో కడిగితే పోతుందన్న నమ్మకం లేదు, పైగా ఫినాయిల్ పిల్లులకే విషం. టీకా పడని పిల్లలకు సోకితే చాలావరకు మిగలవు. గల్లీలో ఉంటే విడివిడిగా బతికే పిల్లుల్ని ఒక చోట కూర్చి, ఒకదాని చావును మరోదానికి అంటిస్తున్నామా అన్నది నా భయం.

అక్క: ఆ భయం నాకు లేదనుకుంటున్నావా? రాత్రంతా పిల్లల వాంతులు తుడిచినవాళ్ళకు ఆ రోగం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం ముందు అట్టపెట్టె ఉంటుంది. లోపల కళ్ళు తెరవని పిల్లలు. పెట్టినవాళ్ళు ఉండరు. చోటు లేదని నేను ఆ పెట్టెను తోసేస్తే అది ఎక్కడికి పోతుంది? చెత్త కుప్ప దగ్గరికో, మూసీ ఒడ్డుకో. చోటు లేదన్న మాట నువ్వు వాట్సాప్‌లో రాస్తావు. నేను ఆ పిల్లల ముఖం చూసి చెప్పాలి.

తమ్ముడు: ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని ఊరందరికీ తెలుసు కాబట్టే పెట్టెలు వస్తున్నాయి. తన పిల్లికి ఆపరేషన్ చేయించాల్సినవాడు మీ గుమ్మం చూసుకుని నిశ్చింతగా ఉన్నాడు. వాడి బాధ్యత మీరు మోస్తుంటే వాడు ఎప్పటికీ నేర్చుకోడు. ఇంకో మాట చెబుతాను, కోపగించుకోవద్దు. జంతువుల్ని మితి మీరి పోగేసుకోవడం గురించి గ్యారీ పేట్రోనెక్ అనే పశువైద్యుడు 1999లో రాశాడు. చాలా జంతువుల్ని చేరదీయడం, కనీస తిండీ శుభ్రతా వైద్యమూ ఇవ్వలేకపోవడం, పరిస్థితి దిగజారుతున్నా ఏమీ చేయకపోవడం, ఈ మూడూ కలిస్తే అదే ఆ పోగేసుకోవడమన్నాడు. మీరు ఆ స్థితిలో ఉన్నారనడం లేదు. అటువైపు వెళ్ళే దారి మాత్రం మంచి మనసుతోనే మొదలవుతుంది.

అక్క: ఆ మాట ఎవరి మీద పడుతుందో కూడా చూడు. పెద్ద ఆవరణ, జీతగాళ్ళు, అంబులెన్సు ఉన్న సంస్థలో రెండు వందల పిల్లులుంటే దాన్ని ఆశ్రమం అంటారు. గోషామహల్‌లో అద్దె ఇంట్లో ఒంటరి ఆడమనిషి దగ్గర ఇరవై ఉంటే జబ్బు అంటారు. నా దగ్గర తిండి తక్కువైందా, వైద్యం తక్కువైందా అని కొలువు, తల వంచుతాను. తలలు లెక్కపెట్టి తీర్పు చెప్పకు. నా ఇల్లు నిండడానికి కారణం గుమ్మం ముందు పెట్టెలొక్కటే కాదు. మీ కుర్ర వాలంటీర్లు కూడా కారణమే.

తమ్ముడు: వాళ్ళేం చేశారు?

అక్క: కనపడిన ప్రతి పిల్లకూనా అనాథే అనుకుని ఎత్తుకొస్తున్నారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన ఇళ్ళల్లో ముసలమ్మలందరికీ తెలుసు. తల్లి ఒకదాన్ని నోట కరుచుకుని కొత్త చోట దింపి, రెండోదాని కోసం వస్తూ ఉంటుంది. ఈ లోపు ఒకరు ఫోటో తీసి, ‘తల్లి వదిలేసింది’ అని రాసి, సంచిలో వేసుకుని నా దగ్గరికి తెస్తారు. కళ్ళు తెరవని పిల్లను బతికించడం ఎంత పనో వాళ్ళకు తెలియదు. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. అదీ మామూలు పాలు కాదు. పట్టాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా రుద్దితేనే మూత్రం వస్తుంది, దానంతటది పోయలేదు. తల్లి నాలుకతో చేసే పని అది. మనం ఎంత చేసినా ఆ నాలుక కాలేం. అటు తల్లి పాలు గడ్డకట్టి, వెతుక్కుంటూ గల్లీలో అరుస్తుంది. దీన్ని రెస్క్యూ అంటున్నారు!

తమ్ముడు: ఇందులో మీదే న్యాయం. పిల్ల వెచ్చగా, పొట్ట నిండుగా, నిద్రలో ఉంటే ముట్టుకోవద్దని, దూరం నుంచి కాపు కాయమని వాళ్ళకు చెప్పాలి. కానీ బజార్లో ఆ కాపు కాయడం అంత తేలిక కాదక్కా. ఇంటి పెరట్లో అయితే పూటంతా చూడొచ్చు. ఇక్కడ ట్రాలీ వెనక్కి వస్తుంటే చక్రం పక్కన పిల్ల ఉంటుంది. సేఠ్ బస్తాలు దించుకోవాలంటాడు. ఆ కుర్రాడికి నిర్ణయం తీసుకోవడానికి నిమిషం కూడా ఉండదు. వాళ్ళ తొందరపాటును తప్పు పడదాం, వాళ్ళ భయాన్ని కాదు.

అక్క: సరే. ఇక డబ్బు. పోయిన నెల నడుం విరిగిన పిల్లి ఫోటో పెట్టి, కింద క్యూఆర్ కోడ్ పెట్టారు. రక్తం కనపడే ఫోటోకు డబ్బులు రాలాయి. ఆ పిల్లి రెండో రోజే పోయింది. మిగిలిన డబ్బు ఆపరేషన్లకు మళ్ళించారు. ఇచ్చినవాళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు: మంచి పనికే మళ్ళింది. ఆపరేషన్ చేసిన పిల్లి ఫోటో పెడితే ఎవరూ రూపాయి వేయరు. పుట్టకుండా ఆపిన పిల్లకు ముఖం లేదు, ఫోటో రాదు. ఎక్కువ ప్రాణాలకు మేలు చేసే పనికి డబ్బు రాదు, ఒక్క ప్రాణానికే వస్తుంది. అందుకే మళ్ళించాల్సి వస్తోంది. అయినా చెప్పి ఉండాల్సింది, కాదనను. మరి మీ చేపల సంగతి?

అక్క: అడుగు. నేను మాంసం ముట్టని ఇంట్లో పుట్టాను. అయినా పొద్దున్నే బేగం బజార్ చేపల మార్కెట్‌కు వెళ్ళి తలకాయలు, తోకలు తెచ్చి ఉడికిస్తాను. పిల్లికి కావలసిన టారిన్ అనే పదార్థం సహజంగా దొరికేది ముఖ్యంగా మాంసంలో, చేపలోనే. అది లేకపోతే చూపు పోతుంది, గుండె పాడవుతుంది. ఇక్కడ కొందరు వ్యాపారులు జీవదయ కింద డబ్బిస్తారు, పాలూ రొట్టే పెట్టమంటారు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. వాళ్ళ డబ్బు మందులకే వాడతాను, చేపలకు నా సొంత డబ్బు. లెక్కలు వేరువేరుగా ఉన్నాయి.

తమ్ముడు: లెక్కలు వేరైనా కడుపు ఒక్కటే కదా. వాళ్ళ డబ్బు మందులకు పోవడం వల్లే మీ డబ్బు చేపలకు మిగులుతోంది. ఈ మాట నేను మిమ్మల్ని నిలదీయడానికి అనడం లేదు. ఒక ప్రాణిని బతికించడానికి ఎన్ని ప్రాణుల్ని వండుతున్నాం అన్న ప్రశ్న మనిద్దరిదీ. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి బతికే పిల్లి అన్నేళ్ళూ చేపలూ కోళ్ళూ తింటుంది. పుట్టని పిల్లికి ఆ అవసరమే లేదు.

అక్క: పుట్టని పిల్లితో పోల్చి పుట్టినదాని తిండి లెక్కగట్టకు. ఆ తర్కం మనుషుల మీదికి కూడా వస్తుంది. చేపల ప్రశ్న మాత్రం నన్ను రోజూ తొలుస్తుంది, దానికి జవాబు నా దగ్గర లేదు. జవాబు లేదని ఎదురుగా ఆకలితో ఉన్నదాన్ని పస్తు పెట్టలేను.

తమ్ముడు: దత్తత సంగతి కూడా అడగాలి. ఫీల్‌ఖానాలో హమాలీ పని చేసే అతను, భార్యా ఇద్దరు పిల్లలూ, ఒక పిల్లిని ఇమ్మని వచ్చారు. ఒకే గది, కిటికీకి జాలీ లేదు, టీకాల ఖర్చు భరించలేరని మీరు కాదన్నారు. అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఇచ్చారు. నిబంధనల పేరుతో మనం పేదవాళ్ళనూ, పాత బస్తీ వాళ్ళనూ, మన తిండి తినని వాళ్ళనూ వడపోస్తున్నామని నాకు అనిపిస్తుంది. ఆ ఇంటి పిల్లలు అప్పటికే గల్లీలో ఆ పిల్లికి తమ అన్నంలోది పెడుతున్నారు.

అక్క: పేదవాళ్ళని కాదనలేదు. రేపు పిల్లికి జబ్బు చేస్తే వాళ్ళు పనికి వెళ్తారా, ఆస్పత్రికి తీసుకెళ్తారా? ఇవ్వడంతో నా బాధ్యత తీరదు. కానీ నువ్వన్నదాంట్లో నిజముంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి కూడా జాలీ లేదు, నేను అడగలేదు. డబ్బున్న ఇంట్లో అడగని ప్రశ్న డబ్బు లేని ఇంట్లో అడిగాను. ప్రశ్నలు అందరికీ ఒకటే ఉండాలి. జవాబు కుదరని చోట మనం టీకా ఖర్చు పెట్టుకోవాలి, తలుపు వేయకూడదు.

తమ్ముడు: చట్టం కూడా మనిద్దరినీ ఒకే చోట నిలబెడుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్. చాలినంత చోటు లేని బోనులో జంతువును బంధించడం నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలేయడమూ నేరమే. మొదటిది మిమ్మల్ని హెచ్చరిస్తోంది, రెండోది నన్ను. ఏ తప్పైనా మొదటిసారి చేస్తే జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు.

అక్క: యాభై రూపాయల భయంతో ఎవరూ మంచి చేయరు. మనకు మనం పెట్టుకునే కట్టడే మిగిలింది. అందుకే అసలు విషయానికి రా. పప్పుల గోదాం పిల్లి కడుపుతో ఉంది. గురువారం ఆపరేషన్‌కు సమయం తీసుకున్నావట.

తమ్ముడు: తీసుకున్నాను. డాక్టరుగారు చేస్తానన్నారు. కడుపు ఇంకా పెద్దది కాలేదు, ఆలస్యమయ్యే కొద్దీ తల్లికే ప్రమాదం. ఇప్పుడు వదిలేస్తే కంటుంది, ఆ పిల్లల్లో కొన్ని చక్రాల కింద పోతాయి, కొన్ని మీ గుమ్మం ముందుకొస్తాయి. తర్వాత తల్లి మళ్ళీ బోనులో పడుతుందో లేదో. ఒకసారి బోనును చూసిన పిల్లి రెండోసారి చేప వాసనకు లొంగదు. ఇప్పటికే పుట్టి ఇల్లు లేక ఉన్న పిల్లలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? కొత్తగా పుట్టే ప్రతి పిల్లా వాటి చోటు లాక్కుంటుంది.

అక్క: చంపకూడదనే ఈ పనిలోకి వచ్చాం. కడుపులో ఉన్నవి చిన్నవి కాబట్టి, అరవవు కాబట్టి, లెక్కలోకి రావంటే నా మనసు ఒప్పదు. దాన్ని నాకివ్వు. కననీ. పిల్లలు పాలు మానాక తల్లికీ, ఈడుకొచ్చాక పిల్లలకూ ఆపరేషన్ చేయిద్దాం. ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పు. ఆపరేషన్‌కు డబ్బిస్తున్న సేఠ్‌కు, ఆ పిల్లి కడుపుతో ఉందని చెబుతావా?

తమ్ముడు: చెబితే ఇవ్వడు.

అక్క: చెప్పలేని పనిని దయ పేరుతో చేయకూడదు.

తమ్ముడు: ఆ ఒక్క మాట నన్ను ఓడిస్తుంది. దాచడం తప్పు. కానీ ఆయనకు చెప్పలేకపోవడం వల్ల ఆ పని తప్పైపోదు. నిజం చెప్పి, నా సొంత డబ్బుతో చేయిస్తాను. మీకూ ఒక ప్రశ్న. ఆ తల్లిని తెచ్చుకుంటే కొత్త పిల్లుల్ని రెండు వారాలు వేరే గదిలో పెట్టాలన్న నియమం ఎలా పాటిస్తారు? మీకున్న ఆ చిన్న గదిలో ఇప్పటికే జబ్బు పిల్ల ఉంది.

అక్క: దానికి జవాబు లేదు. బాత్రూంలో పెట్టాలి, లేకపోతే మీలో ఎవరైనా నెల రోజులు ఇంట్లో ఉంచుకోవాలి. మీ గ్రూపులో అంతమంది ఉన్నారు. ‘అయ్యో’ అని రాసేవాళ్ళే గానీ, ఒక గది ఇచ్చేవాళ్ళు లేరు.

తమ్ముడు: అడుగుతాను. రెండు దారుల్లోనూ పిల్లులు చస్తున్నాయి అక్కా. మీ దారిలో చచ్చినవి మీ ఇంటి నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నాయి, నా దారిలో చచ్చినవి గల్లీలో కలిసిపోతున్నాయి. మనం దాతలకు చూపించేది బతికినవాటినే. ముందు పుస్తకం రాద్దాం. మీ ఇంటికొచ్చిన ప్రతి పిల్లి తేదీ, జబ్బు, దత్తత, చావు.

అక్క: రాస్తాను. నీ పుస్తకంలోనూ రాయి. వదిలిన ప్రతి పిల్లి ఫోటో, గల్లీ. నెలకోసారి వెళ్ళి వెతకాలి, కనపడకపోతే కనపడలేదనే రాయాలి. ‘ఎటో వెళ్ళుంటుంది’ అని రాయొద్దు. డబ్బు ఏ పిల్లికని అడిగామో, దేనికి వాడామో అది కూడా.

తమ్ముడు: సరే. గోదాం పిల్లి సంగతి మాత్రం తేలలేదు. తేల్చకుండా వాయిదా వేసినా తీర్పే. ఇంకో రెండు వారాలు గడిస్తే అది మీ వైపు తీర్పైపోతుంది.

అక్క: గురువారం తీసుకెళ్తే నీ వైపు తీర్పవుతుంది. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను.

తమ్ముడు: నేనూ వెనక్కి తగ్గలేదు. బుధవారం లోపు నెల రోజులకు గది ఇచ్చే ఇల్లు దొరికితే ఆపరేషన్ రద్దు చేస్తాను. దొరకకపోతే చేయిస్తాను, మీకు చెప్పే చేయిస్తాను.

అక్క: అయితే ఆ ఇల్లు వెతకడం నీ పని కూడా, నా ఒక్కదానిదే కాదు. గట్టిగా వెతుకు. దొరకలేదని చెప్పే ముందు ఎవరెవరిని అడిగావో ఆ పేర్లు కూడా నీ పుస్తకంలో ఉండాలి.